అడవిలో డేరా

పాఠ్యభాగ నేపథ్యం

గుడారం నేటి యువతకు విహారయాత్రను స్ఫురింపజేసే వస్తువు. ఎనిమిది, తొమ్మిది దశాబ్దాల క్రితం తెలంగాణ పల్లెల్లో అదే గుడారం భయాన్ని స్ఫురింపజేసేది. అదే కాలంలో ఒక విదేశీ పండితుడు నల్లమల అడవుల్లో, గోదావరి తీరాన గుడారాలు వేసుకొని గిరిజనుల జీవితాన్ని అధ్యయనం చేశాడు. ఈ రెండు గుడారాల కథే ప్రస్తుత పాఠ్యాంశం.

పాఠం

హైదరాబాదులోని సుల్తాన్ బజారులో అడుగుపెట్టినవారికి బట్టల దుకాణాలు, గాజుల అంగళ్లు, కిక్కిరిసిన జనం కనిపిస్తారు. అడవికీ ఈ బజారుకూ సంబంధమేమిటని ఎవరికైనా సందేహం కలుగుతుంది. ఈ ప్రాంతానికి పూర్వం రెసిడెన్సీ బజారు అని పేరు. మూసీ నదికి ఉత్తరపు ఒడ్డున, 19వ శతాబ్ది తొలి సంవత్సరాలలో, జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ అనే బ్రిటిష్ రెసిడెంటు నిర్మింపజేసిన భవనమే రెసిడెన్సీ. దాని చుట్టూ పెరిగిన బజారు చాలాకాలం బ్రిటిష్ వారి అధికారంలోనే ఉండి, 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి సంక్రమించింది. సుల్తాన్ బజారు అనే పేరు అప్పుడు స్థిరపడింది. ఈ బజారులోనే, రెసిడెన్సీకి కూతవేటు దూరంలో, 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది. రెసిడెన్సీ అధికారానికి నిలయం, గ్రంథాలయం తెలుగువారి మేలుకొలుపునకు నిలయం. మన కథలోని రెండు గుడారాలకూ ఈ రెండు కట్టడాలతో ముడి ఉన్నది.

మొదటిది అధికారి గుడారం. నిజాం రాజ్యంలో తహశీల్దారు మొదలుకొని గిర్దావరు వరకు, పోలీసు అమీను మొదలుకొని అటవీశాఖ ఉద్యోగి వరకు గ్రామాలపై 'దౌరా' వెళ్లేవారు. ఊరి బయట తోపులోనో, చెరువు గట్టు కిందనో డేరా వెలిసేది. ఆ డేరా వెలిసిందంటే ఊరికి పనులు నిలిచిపోయినట్లే. సామాను మోయడానికి కొందరు, నీళ్లు తేవడానికి కొందరు, కట్టెలు కొట్టడానికి కొందరు, గుర్రాలకు గడ్డి కోయడానికి మరికొందరు పోవలసిందే. కుమ్మరి కుండలివ్వాలి, గొల్లలు మేకపిల్లలనివ్వాలి, కోమటి దినుసులివ్వాలి. మూల్యం ముట్టేది అరుదు. దీనికే వెట్టిచాకిరి అని పేరు. పంట కోతకు వచ్చిన రోజున రైతుకూలీ తన పొలం విడిచి దొరగారి డేరా మూట నెత్తిన పెట్టుకొని మరుసటి మకాం దాకా నడవవలసి వచ్చేది. ఆ మూట బరువెంతో నేటి పల్చని నైలాను గుడారాలు చూసినవారు ఊహించలేరు. మందమైన నూలు కాన్వాసు, వెదురు రాటలు, ఇనుప మేకులు, తాళ్లు, జంపఖానాలు కలిసి ఒక్కొక్క డేరా బండెడు సామాను.

వెట్టికి వ్యతిరేకంగా తొలుత గట్టిగా కలమెత్తినవారు సుల్తాన్ బజారు పరిసరాలలోనే ఉన్నారు. 1921లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్ర జనసంఘం వెట్టిచాకిరిని గురించి చిన్న పుస్తకాలు ప్రచురించి గ్రామాలకు పంచింది. దానికి ప్రాణం పోసిన మాడపాటి హనుమంతరావుకు భాషానిలయంతో గాఢమైన అనుబంధం ఉండేది. ఏ పనికి కూలి ఇవ్వాలో, ఏ వస్తువుకు వెల చెల్లించాలో తెలియని పల్లెవాసికి ఆ చిన్న పుస్తకమే న్యాయవాది అయింది.

రెండవ గుడారం ఒక విదేశీయునిది. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించాడు. మానవశాస్త్రం అభ్యసించి, 1936-37 సంవత్సరాలలో అస్సాం సరిహద్దుల్లోని నాగుల మధ్య నివసించి పరిశోధన చేశాడు. 1939లో ఆయన మళ్లీ భారతదేశానికి వచ్చిన కొద్దికాలానికే రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. ఆస్ట్రియాను జర్మనీ అంతకు ముందు ఏడాదే కలుపుకొన్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. దానితో ఆయన బ్రిటిష్ వారి దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. ప్రభుత్వం ఆయనను చెరసాలలో ఉంచక హైదరాబాదు సంస్థానపు ఎల్లలకు పరిమితం చేసింది. సంస్థానంలో బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధి సుల్తాన్ బజారు పక్కన రెసిడెన్సీలో ఉన్న రెసిడెంటే. ఈ నిర్బంధం తెలుగు గిరిజనుల చరిత్రకు వరమైందనడం అతిశయోక్తి కాదు. నాగుల కొండలకు పోలేని పండితుడు నల్లమల వైపు నడిచాడు.

1940లో హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల పెంటల సమీపంలో గుడారాలు వేసుకొని నివసించారు. అది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని భాగం. రహదారి బంగళాలో దిగి, చెంచులను పిలిపించుకొని ప్రశ్నించి వ్రాసుకొనే పద్ధతి అంతకు ముందు నుండి ఉన్నదే. అట్లా పిలిపించబడినవాడు బంగళా మెట్లపై నిలిచి, అడిగేవారికి నచ్చే సమాధానమే చెబుతాడు. చెంచుల జీవనానికి గోడలు తక్కువ. వారి ఇల్లు తడికెల గోడలతో, శంకువు ఆకారపు కప్పుతో గుండ్రంగా ఉంటుంది. ఎండాకాలం రాగానే చాలామంది ఆ ఇండ్లు విడిచి, ఊటనీరు దొరికే చోటికో, ఇప్పపూలు రాలే చోటికో చేరి, కొమ్మలతో ఆకులతో తాత్కాలికమైన పందిళ్లు వేసుకొని గడుపుతారు. నిజానికి గుడారపు జీవనంలో గురువులు చెంచులే. పండితుడు వారికి శిష్యుడు. వారు కదిలినప్పుడు తానూ కదలగలిగిన ఇల్లు ఆయనకు కావలసి వచ్చింది. అటువంటి ఇల్లు గుడారమొక్కటే.

అడవిలో గుడారం వేయడం తేలికైన విద్య కాదు. మొదట స్థలం చూడాలి. నీరు దగ్గరగా ఉండాలి కాని, నీటికి మరీ దగ్గరగా మకాం పెట్టరాదు. రాత్రివేళ జంతువులు నీటికి వచ్చే దారి అదే. ఎండిన వాగు ఇసుక ఎంత మెత్తగా, చదునుగా కనిపించినా అందులో పడుకోరాదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన, ఇక్కడ చుక్క పడకుండానే, వాగును నింపుతుంది. ఎండుకొమ్మలున్న మహావృక్షం కింద నీడ మంచిదే, గాలి వీచినప్పుడు ఆ కొమ్మే ప్రాణాంతకం. నూలు తాడు తడిస్తే కుంచించుకుపోతుంది. అందుచేత సాయంత్రం మబ్బు కనిపించగానే తాళ్లు కొంత సడలించకపోతే అర్ధరాత్రి మేకులు ఊడి డేరా మీద కూలుతుంది. కాన్వాసు తడిసినప్పుడు దాని పోగులు ఉబ్బి వాననీటిని ఆపుతాయి. అయితే లోపలినుండి వేలితో తాకితే చాలు, తాకిన చోట చుక్క చుక్కగా కారడం మొదలవుతుంది. గుడారం చుట్టూ జానెడు లోతు కాలువ తీసి పల్లానికి దారి చూపడం, మూటలను రాళ్లపై ఎత్తి చెదల నుండి కాపాడడం, తెల్లవారగానే చెప్పులు దులిపి తేళ్లు లేవని చూసుకొని తొడుక్కోవడం — ఇవన్నీ నిత్యకృత్యాలు. వీటన్నిటికన్న పెద్ద శత్రువు దోమ. నల్లమలకు, గోదావరి మన్యానికి మలేరియా జ్వరం విషయంలో ఆనాడు చెడ్డపేరు ఉండేది. దోమతెర, క్వినైను లేకుండా అక్కడికి పోవడం సాహసం కాదు, అవివేకం.

నిప్పు సంగతి చెంచులను చూసి నేర్వవలసిందే. చెకుముకి రాయిని ఇనుముతో కొట్టి, దూదివంటి నూగుపై రవ్వను పట్టి మంట చేయడం వారికి క్షణాల పని. చలి రాత్రులలో ఆ మంటే వారికి దుప్పటి. మంట చుట్టూ సాగే మాటలలోనే మనిషి మనసు విప్పుతాడు. కొండచరియలకు వేలాడే తేనెపట్టును తీయడం చెంచుల సాహసకృత్యాలలో ఒకటి. తీగెల తాడు పట్టుకొని ఒకడు లోయలోకి దిగుతాడు. పైన ఆ తాడుకు కాపలా ఉండేవాడు అతని భార్య సోదరుడు. సొంత అన్నదమ్ములకు ఆ పని అప్పగించరు. చెల్లెలి పసుపుకుంకుమలు కోరేవాడు బావమరిది కాబట్టి తాడు భద్రంగా ఉంటుందని వారి విశ్వాసం. బంగళా మెట్లపై ఎన్ని ప్రశ్నలు వేసినా ఇటువంటి సంగతి బయటపడడం కష్టం. ఎవరు ఏమి అడగాలో ముందుగా తెలియదు కదా! ఈ అధ్యయన ఫలితంగా చెంచులను గురించిన ఆయన గ్రంథం 1943లో వెలువడింది.

1941లో హైమన్‌డార్ఫ్ గోదావరి తీరపు కొండరెడ్ల మధ్యకు వెళ్లాడు. పాపికొండల వద్ద నది రెండు కొండవరుసల నడుమ ఇరుకై, లోతై ప్రవహిస్తుంది. పాల్వంచ ప్రాంతంలో కుడి ఒడ్డు హైదరాబాదు సంస్థానానిది, ఎడమ ఒడ్డు మద్రాసు ప్రెసిడెన్సీది. అక్కడ దారి అంటే నదే. నది ఒడ్డున మకాం వేసేవారు గమనించవలసిన గుర్తు ఒకటున్నది. చెట్ల మొదళ్లకు, పొదలకు చిక్కుకొని వేలాడే ఎండుగడ్డి, పుల్లలు ఎంత ఎత్తున ఉన్నాయో చూడాలి. గత వరద అంత ఎత్తుకు వచ్చిందని అర్థం. ఎండాకాలంలో తెల్లగా మెరిసే ఇసుక మేటలు ఎంత ఆహ్వానించినా, తొలకరి పడిన తరువాత వాటిపై రాత్రి గడపడం ప్రమాదం.

ఏటి ఒడ్డున మకాం వేసినవారి కంట ప్రకృతి సౌందర్యం ఒక్కటే పడదు. కొండ మీద నరికిన కలపను, వెదురును కొండరెడ్లు ఒడ్డుకు చేరవేస్తారు. అక్కడ తెప్పలుగా కట్టిన సరుకు రాజమహేంద్రవరం వైపు సాగిపోతుంది. లాభం వర్తకునిది. పోడు పంట చాలని నెలలలో వర్తకుడు ధాన్యం అప్పుగా ఇస్తాడు. అది తీర్చడానికి కొండరెడ్డి కలప మోస్తాడు. లెక్క వర్తకుని పుస్తకంలో ఉంటుంది, అక్షరం రాని కొండరెడ్డికి అప్పు ఎన్నడూ తీరదు. ఒడ్డున నివసించి పనినీ, కూలినీ కళ్లారా చూసిన హైమన్‌డార్ఫ్ ఈ దోపిడీని నివేదికలో వివరంగా ప్రభుత్వం ముందుంచాడు. గిరిజనుల స్థితిగతులపై ఆయన వ్రాసిన నాలుగు నివేదికలు 1945లో ఒక సంపుటిగా వచ్చాయి. కొండరెడ్లపై వ్రాసిన గ్రంథమూ అదే సంవత్సరం వెలువడింది. దాని రచనలో బెట్టీ పాలుపంచుకొన్నది. ఆ తీరంలోని కొండరెడ్ల గ్రామాలు అనేకం పోలవరం జలాశయపు ముంపు పరిధిలోకి వచ్చినందున, ఆ పుటల విలువ ఇంకా పెరిగింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోక తప్పదు. పండితుని గుడారాన్నీ ఎవరో ఒకరు మోయవలసిందే కదా? ఆయన వెనుక ఉన్నదీ నిజాం ప్రభుత్వమే కదా? నిజమే. దూరం నుండి చూసిన పల్లెవాసికి రెండు డేరాలూ ఒకే తెల్లని కాన్వాసుతో కనిపించి ఉంటాయి. కానీ అధికారి డేరా ఒకటి రెండు రాత్రులుండి, తనకు కావలసినది తీసుకొని లేచిపోయేది. పండితుని డేరా వారాల తరబడి నిలిచి, అక్కడివారి కష్టాన్ని కాగితంపైకి ఎక్కించి నగరానికి చేర్చింది. ఆ కాగితాన్ని నమ్మి ప్రభుత్వం కదిలినప్పుడే ఆ తేడా గిరిజనులకు అనుభవంలోకి వచ్చింది.

ఆదిలాబాదు అడవులలో అది జరిగింది. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము పోలీసు కాల్పులలో మరణించాడు. గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకొనే పనిని ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. అడవి హద్దుల పేరిట గోండుల భూములు చేజారుతున్న తీరును ఆయన వెల్లడించాడు. మార్లవాయి గ్రామంలో ఆ దంపతులు గోండుల ఇండ్ల వంటి ఇంటిలోనే నివసించారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం వెలసింది. గోండీ భాషలో వాచకాలు తయారయ్యాయి. గిరిజన ప్రాంతాల పరిరక్షణకు 1356 ఫసలీలో, అంటే 1946లో, నిజాం ప్రభుత్వం ప్రత్యేక చట్టం చేసింది.

నేడు అమ్రాబాదు అడవి పులుల అభయారణ్యం. అక్కడ ఎవరికి తోచిన చోట వారు గుడారం వేయడానికి వీలులేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అనుమతి కావాలి, నిప్పు రాజేయడం నేరం. ఒకనాడు హైమన్‌డార్ఫ్ కూర్చున్న మంట ఈనాటి యాత్రికునికి నిషిద్ధం. ఆ అడవిలోనే పుట్టి పెరిగిన చెంచుల హక్కులకు మాత్రం 2006 నాటి అటవీహక్కుల చట్టం గుర్తింపు నిచ్చింది.

యుద్ధానంతరం హైమన్‌డార్ఫ్ లండన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. అయినా తెలుగు నేలకు పలుమార్లు తిరిగి వచ్చాడు. 1987లో బెట్టీ హైదరాబాదులో కన్నుమూసింది. ఆమె కోరిక మేరకు మార్లవాయిలో సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అవశేషాలను 2012లో ఆమె సమాధి పక్కనే ఉంచారు. ఆ ఊరి గోండులు వారి వర్ధంతులను జరుపుకొంటారు.

అభ్యాసం

'దౌరా' డేరా వెలిస్తే ఊరి పనులు ఎందుకు నిలిచిపోయేవో వివరించండి.

చెంచులను గుడారపు జీవనంలో గురువులని రచయిత ఎందుకు అన్నాడు?

గోదావరి ఒడ్డున మకాం వేసినందువల్ల హైమన్‌డార్ఫ్ ఏ దోపిడీని గుర్తించగలిగాడు?

రెండు గుడారాల మధ్య రచయిత చూపిన భేదంతో మీరు ఏకీభవిస్తారా? మీ ప్రాంతపు పెద్దలను అడిగి, అధికారుల మకాములను గురించి వారికి తెలిసిన సంగతులు వ్రాయండి.