పాతకుర్చీల గుడ్డకు రంగు పూయు విధము

గృహోపకరణములలో కుర్చీ వలె శ్రమపడునది మఱియొకటి లేదు. కొయ్య గట్టిగనే యుండును, కీళ్లును కదలవు. గుడ్డ మాత్రము ఎండకు వెలిసి, చేతులానుచోట నల్లబడి, చూచుటకు రోత పుట్టించును. నేరేడ్‌మెట్, సైనిక్‌పురి ప్రాంతములందు విశ్రాంత సైనికుల కుటుంబములు పెక్కు కలవు. దండుతోపాటు ఊరూరు తిరిగిన మడతకుర్చీయో, తాతగారి పడకకుర్చీయో అట్టి యిండ్లలో నుండుట సహజము. వీనిని పాతసామానులవాని కిచ్చుటయా, క్రొత్తగుడ్డ వేయించుటయా యని యోచించువారికి మూడవ మార్గ మొకటి కలదు. గుడ్డను ఊడదీయకయే దానిపై రంగు పూయవచ్చును. ఆ పని చేయు విధమును, దానికి మూలమైన శాస్త్రమును, దాని హద్దును ఈ వ్యాసమున తెలుపుదుము.

గుడ్డకు రంగు పట్టించుట రెండు విధములు: అద్దకము, పూత. అద్దకమున రంగు దారములోనికి దిగి దానితో ఏకమగును. పూతయందు రంగుపొడి యొక జిగురుతో కూడి దారము నంటుకొని నిలుచును. మొదటిదానికి మన కలంకారీ ఉత్తమ నిదర్శనము. శ్రీకాళహస్తియందు కలముతో వ్రాయుదురు. మచిలీపట్టణము, పెడనలందు కొయ్య అచ్చులతో అద్దుదురు. శ్రీకాళహస్తి పనివారు ముందుగా గుడ్డను కరక్కాయ పొడియు గేదెపాలును కలిపిన నీటిలో ముంచి యారవేయుదురు. పాలలోని క్రొవ్వు రంగును ప్రక్కకు పాకనీయదు. ఇనుపముక్కలను బెల్లపునీటిలో పులియబెట్టి తీసిన కసిమి, కరక్కాయలోని వగరుతో కలిసి నల్లరంగగును. పటిక పట్టించినచోట వేళ్లనుండి తీసిన ఎఱ్ఱరంగు స్థిరముగా నిలుచును. పటిక లేనిచోట ఉదుకగా విడిచిపోవును. మన యూరి పేరులోనున్న నేరేడుచెట్టు బెరడునందును ఆ వగరే కలదు.

ఈ గుడ్డలకును కుర్చీలకును పూర్వసంబంధము లేకపోలేదు. ఆంగ్ల వర్తకులు 1611లో మచిలీపట్టణమున దిగినపుడు అది గోలకొండ కుతుబ్‌షాహీల రేవుగా నుండెను. ఈ తీరపు రంగుగుడ్డలు ఉదికినను వెలియవు గనుక ఐరోపాలో దుస్తులకే గాక పడకతెరలకును, ఆసనముల తొడుగులకును వాడబడెను. అచటి ఉన్ని, పట్టు నేతగాండ్రు తమ వృత్తి చెడుచున్నదని మొఱపెట్టగా, 1721లో ఇంగ్లండు పార్లమెంటు రంగువేసిన నూలుగుడ్డల వాడుకను నిషేధించుచు శాసనము చేసెను. దుస్తులతోపాటు గృహోపకరణములును ఆ నిషేధమునకు లోనయ్యెను. తమ దేశమున నేసిన నూలుగుడ్డల విషయమున ఆ నిషేధమును 1774లో తొలగించుకొనిరి. గుడ్డపై నిలిచిన రంగు ఒక రాజ్యమును శాసనము చేయించునంతటి వస్తువని దీనివలన తెలియుచున్నది.

అయితే కుర్చీకి బిగించిన గుడ్డను కాగులో వేసి ఉడికింపజాలము, ఏటినీట జాడింపజాలము. కావున మనకు పూతయే గతి. ఐనను కలంకారీ పనివారి పద్ధతినుండి రెండు సంగతులు గ్రహింపవలెను. గుడ్డను ముందుగా సిద్ధము చేయుట యొకటి. రంగును దారమున కెక్కించుటయే గాని గుడ్డపై పెచ్చు కట్టనీయకుండుట రెండవది.

మొదట గుడ్డను పరీక్షింపవలెను. నూలుగుడ్డ, కాన్వాసు, గోనెనార గుడ్డ ఈ పనికి తగినవి. మఖమలు రంగు తగిలిన వెంటనే బిరుసెక్కి అందము చెడును. రెక్సిను రంగును పీల్చుకొనదు. గోటితో గీచి, రెండు వ్రేళ్లతో లాగి చూడవలెను. దారము పొడిగా రాలినను, చిరిగినను ఆ గుడ్డకు రంగు పూయరాదు. పడకకుర్చీ విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. దాని కాన్వాసునకు రెండు కొసలను మడిచి కుట్టి, ఆ మడతలలో కఱ్ఱలు దూర్చుదురు. మనిషి బరువంతయు ఆ కుట్లపైననే పడును. కఱ్ఱలను తీసి కుట్లను లోపలను వెలుపలను చూడవలెను.

పిమ్మట నల్లులు, ధూళి లేకుండ గట్టిబ్రష్‌తో దులిపి, సబ్బునీటితో తుడిచి, ఎండలో పూర్తిగా నారనీయవలెను. జిడ్డు మిగిలినచోట రంగు నిలువదు. వానకాలమున గాలి చెమ్మగా నుండుటచే ఆరుట ఆలస్యమగును గనుక ఈ పని వేసవియందు చేయుట మేలు. కొయ్యకు పాతరంగున్నచో దానిని పొడిగా గీకి దుమ్ము లేపరాదు. పూర్వపు రంగులలో సీసము కలియుచుండెను. అది పిల్లల మెదడునకు కీడు చేయును. మన దేశమున గృహములకు వాడు రంగులలో సీసము పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని 2016లో నియమము చేయబడి, 2017 నవంబరునుండి అమలునకు వచ్చెను.

నీటిలో కలియు అక్రిలిక్ రంగు రెండు పాళ్లు, అంగళ్లలో ఫాబ్రిక్ మీడియం అను పేర దొరకు ద్రవము ఒక పాలు, నీరు ఒక పాలు కలుపవలెను. నీరు ఆరినకొలది అక్రిలిక్ జిగురు కణములు ఒకదానితో నొకటి కలిసి పొరయగును. ఆరిన పొర మరల నీటికి కరగదు. అందుచేత కుంచెను వెంటనే కడుగవలెను. మీడియము ఆ పొరను మెత్తగా నుంచును. ముందుగా కుర్చీ అడుగున కనబడనిచోట కొంచెము పూసి చూచుట మంచిది. పాతరంగుకంటె ముదురైన రంగునే యెన్నుకొనవలెను. ముదురుపై లేతరంగు సులభముగా కప్పదు.

గుడ్డపై నీరు చిలుకరించి చెమ్మ చేసినచో రంగు దారములలోనికి దిగును. కుంచెను నిలువు దారముల వెంబడియు, అడ్డు దారముల వెంబడియు నడపవలెను. ఒక్కసారి దట్టముగా పూసినచో పైపొర ముందారి, కూర్చున్నంతనే పగులును. కావున పలుచగా మూడుసార్లు పూసి, పూతపూతకు ఒక రాత్రి ఆరనిచ్చి, 220 సంఖ్యగల గరుకుకాగితముతో మెల్లగా రుద్దవలెను. కడపటి పూత తరువాత వారముదినములు కుర్చీని వాడరాదు. ఆపైన తెల్లని తడిగుడ్డతో రుద్ది చూడవలెను. రంగు అంటకున్నచో పని సఫలమైనదని యెఱుగునది.

ఇక హద్దు. రంగు మాసినదానిని కప్పునే గాని చివికినదానికి బలము నీయదు. శిథిలమైన కాన్వాసు చూపులకు శిథిలముగ నున్నంతవఱకు ఇంటివారు దానిపై కూర్చుండుటకు సంకోచింతురు. దానికే నీలిరంగో పచ్చరంగో పూసినచో ఆ హెచ్చరిక మాసిపోవును. వృద్ధులొకరు నమ్మి మేనువాల్చినపుడు గుడ్డ చిరిగి నడుము విరుగవచ్చును. కావున పడకకుర్చీకి రంగు పూయుటకు ముందును, పూసిన పిదపను మనిషి బరువునకు తగ్గని మూటలను దానిపై నొక దినముంచి చూడుడు. కుట్లు సాగినచో క్రొత్త కాన్వాసునే వేయింపుడు. గట్టిగుడ్డకు రంగు వేయుట పొదుపు. చివికినగుడ్డకు రంగు వేయుట మోసము. ఈ భేదమును తెలిసి, మొదట గుడ్డను లాగి చూచి, ఆ తరువాతనే కుంచె చేపట్టుడని మా విన్నపము.