మోకాలి గుజ్జు మళ్ళీ పుడుతుందా?

"మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయింది" అనే మాట వినని ఇల్లు మన అనంతపురం పల్లెల్లో అరుదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ మెట్టనేల మీద మన అమ్మలు, అవ్వలు శెనక్కాయ చేలల్లో గొంతుక్కూర్చొని కలుపు తీశారు, చెట్లు పీకారు, నీళ్ళ బిందెలు మోశారు. ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని లేస్తున్నారు. వాళ్ళ చెవిన ఒక కొత్త మాట పడుతోంది. ఆపరేషన్ అక్కరలేదట, ఇంజెక్షన్ వేస్తే గుజ్జు మళ్ళీ పుడుతుందట! ఆ కరపత్రాన్ని ఇంట్లో చదువుకున్న మనకే చూపిస్తారు. "నాయనా, ఇది నిజమేనా?" అని మననే అడుగుతారు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాము.

గుజ్జు అంటే ఏమిటి?

తొడ ఎముక, దాని కింది ఎముక కలిసేచోట వాటి చివరలను నున్నటి తెల్లని పొర కప్పి ఉంటుంది. మనం గుజ్జు అనేది దీన్నే. పాఠ్యపుస్తకాల్లో దీని పేరు మృదులాస్థి. దీని మందం కొన్ని మిల్లీమీటర్లే. ఇందులో ఎక్కువ భాగం నీరు. ఆ నీటిని పట్టి ఉంచే పదార్థాలను కాండ్రోసైట్లు అనే కణాలు తయారు చేస్తాయి.

చర్మం తెగితే మానుతుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. రక్తం అక్కడికి కొత్త కణాలను, ఆహారాన్ని తీసుకువెళ్ళడమే దీనికి ముఖ్య కారణం. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలులోని ద్రవం ద్వారానే దానికి ఆహారం అందాలి. అందువల్ల ఒకసారి పాడైతే అది తనంతట తాను సరిగా బాగుపడదు. ఈ సంగతిని 1743లోనే విలియం హంటర్ అనే వైద్యుడు లండన్‌లో రాశాడు. అందులో నరాలు కూడా లేవు. కనుక మొదట్లో అరుగుదల నొప్పిగా తెలియదు. తెలిసేసరికి కింది ఎముక, కీలు లోపలి పొర కూడా దెబ్బతిని ఉంటాయి. దీన్నే ఆస్టియో ఆర్థరైటిస్ అంటారు. వయస్సు, అధిక బరువు, పాత దెబ్బలు, ఏళ్ళ తరబడి గొంతుక్కూర్చొని చేసే పని దీనికి దోహదం చేస్తాయి.

కొత్త చికిత్సలు ఎంతవరకు వచ్చాయి?

మొదటిది ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్. దీన్ని పీఆర్‌పీ అంటారు. రోగి రక్తాన్నే తీసి, యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని మోకాలిలోకి ఎక్కిస్తారు. ఆస్ట్రేలియాలో 288 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వెలువడ్డాయి. కొందరికి పీఆర్‌పీ, మిగిలినవారికి ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో రోగులకు తెలియదు. ఏడాది తర్వాత చూస్తే రెండు వర్గాల్లోనూ నొప్పి తగ్గింది. తేడా చెప్పుకోదగినంత లేదు. గుజ్జు పరిమాణంలోనూ తేడా కనబడలేదు.

రెండవది సొంత గుజ్జు కణాలను బయట పెంచి తిరిగి అమర్చడం. స్వీడన్ వైద్యులు 23 మందికి ఇలా చేసి 1994లో ఫలితాలు ప్రకటించారు. ఇది ముఖ్యంగా వయసులో ఉన్నవారికి, దెబ్బ తగిలి ఒకచోట మాత్రమే గుంట పడినప్పుడు పనికివస్తుంది. కీలంతా అరిగిన పెద్దవారికి ఉద్దేశించినది కాదు.

మూడవది మూలకణాల ఇంజెక్షన్. మన పొరుగున ఉన్న బెంగుళూరులోని స్టెంప్యూటిక్స్ సంస్థ ఆరోగ్యవంతులైన దాతల ఎముక మజ్జ నుంచి స్టెంప్యూసెల్ అనే మందును తయారు చేసింది. 146 మంది మీద పరీక్ష జరిగాక, మోకాలి అరుగుదలకు 2022లో దీనికి మన దేశంలో అనుమతి లభించింది. 2, 3 దశల్లో ఉన్నవారి మీద దీన్ని పరీక్షించారు. ఏడాది పాటు గమనిస్తే ఉత్తుత్తి మందు తీసుకున్నవారి కంటే వీరికి నొప్పి ఎక్కువగా తగ్గింది. ఉన్న గుజ్జు మరింత పాడవకుండా నిలిచిందని స్కానింగులో తేలింది. పోయిన గుజ్జు తిరిగి పుట్టిందని మాత్రం తేలలేదు. మరోవైపు అమెరికాలో 475 మంది మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. మూడు రకాల కణ చికిత్సలను మామూలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పోల్చారు. ఏడాదికి ఏదీ దానికంటే మేలని తేలలేదు.

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం

నొప్పి తగ్గడం వేరు, గుజ్జు పుట్టడం వేరు. కరపత్రాలు ఈ రెంటినీ కలిపేస్తాయి. "మా ఊరాయనకు తగ్గింది" అన్న సాక్ష్యం అబద్ధం కాకపోవచ్చు. కానీ ఉప్పునీళ్ళు ఎక్కించినవారికీ తగ్గిందని చూశాం కదా! కాబట్టి దేనితో పోల్చి తగ్గిందో అడగాలి. అప్పు తెచ్చే ముందు ఈ ప్రశ్నలు కూడా వేయండి:

1. ఎక్స్‌రే ప్రకారం అరుగుదల ఏ దశలో ఉంది?
2. ఎక్కించేది ఏమిటి? ఎవరి కణాలు?
3. ఈ జబ్బుకు దీనికి ప్రభుత్వ అనుమతి ఉందా?
4. లేకపోతే ఇది పరిశోధనా? అయితే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు సంఖ్య ఎంత?

ఈ రిజిస్ట్రీ 2007లో మొదలైంది. ఎవరైనా ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. మూలకణాల పరిశోధనలో పాల్గొనే రోగి నుంచి డబ్బు తీసుకోరాదని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చెబుతున్నాయి. పరిశోధన అంటూనే లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

ఇప్పుడు చేయదగినవి

తొడ కండరం బలపడితే మోకాలిపై భారం తగ్గుతుంది. కుర్చీలో కూర్చొని కాలు నిటారుగా చాపి, అయిదు అంకెలు లెక్కపెట్టి దించాలి. ఒక్కో కాలికి పదిసార్లు, రోజూ చేయించండి. బరువు ఎక్కువగా ఉంటే తగ్గించాలి. కలుపు తీసేటప్పుడు, అంట్లు తోమేటప్పుడు చిన్న పీట వాడితే మేలు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పకుండా నెలల తరబడి మింగితే కడుపుకు, మూత్రపిండాలకు ముప్పు. కీలు పూర్తిగా అరిగితే కీలుమార్పిడి ఆపరేషన్ ఉంది. అందులో వాడే కృత్రిమ కీళ్ళకు కేంద్రం 2017 ఆగస్టులో గరిష్ఠ ధరలు నిర్ణయించింది.

మరో మాట. మన బోరునీళ్ళలో చాలాచోట్ల ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. చిన్నవయసులోనే కాళ్ళు వంకర తిరిగినా, నడుము బిగుసుకుపోయినా ముందు తాగేనీటిని పరీక్ష చేయించండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! శాస్త్రం ముందుకు వెళుతోంది. రేపు నిజంగానే గుజ్జు పుట్టించే మందు రావచ్చు, దాన్ని కనిపెట్టేవారు మన హాస్టల్ నుంచే రావచ్చు. అంతవరకు ఇంట్లో మొదట చదువుకున్నవాళ్ళుగా మన మీద ఒక బాధ్యత ఉంది. మన అమ్మ వేలిముద్ర వేసే ముందు ఆ కాగితాన్ని మనం పూర్తిగా చదవాలి.