ఒక వైపే కాలే తీపి అట్టు: ఖతాయిఫ్ పాఠం

రంజాన్ నెల మొదలైతే చాలు, కైరో, డమాస్కస్, అమ్మాన్, జెరూసలేం నగరాల వీధుల్లో పెద్ద పెద్ద పెనాలు వెలుస్తాయి. జారు పిండిని చిన్న చిన్న గుండ్రాలుగా పోసి, ఒక వైపే కాల్చి, తూకం వేసి అమ్ముతారు. కొనుక్కెళ్ళిన వాళ్ళు వాటిలో మీగడో, అక్రోట్ పలుకులో పెట్టి మడిచి, ఇఫ్తార్ తర్వాత ఇంటిల్లిపాదీ తింటారు. వీటి పేరు ఖతాయిఫ్. గల్ఫ్ దేశాల్లో పనిచేసి వచ్చిన మన తెలుగువారిలో ఈ రుచి చూసినవారు ఉంటారు.

దీన్ని మన ఇంట్లో చేసుకోవడానికి ఓవెన్ అక్కర్లేదు, దోశ పెనం చాలు. కానీ ఇందులో ప్రతి పనికీ ఒక కారణం ఉంది. ‘ఎలా చేయాలి’ అన్నదానితో పాటు ‘ఎందుకలా చేయాలి’ అన్నది కూడా నేర్చుకుంటే వంట చెడదు. మనం చేసినది ఇరుగుపొరుగు వారి పళ్ళెంలోకి, ఉపవాసం ఉన్నవారి చేతికి వెళ్ళేటప్పుడు ఆ ‘ఎందుకు’ మరీ అవసరం. ఈ పాఠం ఉద్దేశం అదే.

కొంచెం చరిత్ర

ఇది నిన్న మొన్నటి వంటకం కాదు. పదవ శతాబ్దంలో బాగ్దాద్‌లో ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాఖ్ కూర్చిన వంటల గ్రంథంలో ఖతాయిఫ్ ఉంది. 1226లో అదే నగరానికి చెందిన అల్ బాగ్దాదీ రాసిన వంటల పుస్తకంలోనూ ఉంది. తఫ్సీర్ జలాలైన్ రచయితల్లో ఒకరిగా మనకు తెలిసిన ఇమామ్ జలాలుద్దీన్ సుయూతీ (1445–1505) కునాఫా, ఖతాయిఫ్‌ల మీద ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే కూర్చారు. అరబీలో ‘ఖతీఫా’ అంటే మఖ్మల్ గుడ్డ. అట్టు పైభాగం మెత్తగా మఖ్మల్‌లా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని చెబుతారు.

ఇందులో రెండు రకాలు. పెద్దవాటిని పూర్తిగా మూసి, నూనెలో వేయించి, పాకంలో ముంచుతారు. చిన్నవాటిని సగం వరకే మూసి, మీగడ నింపి, వేయించకుండానే తింటారు. వీటిని ‘అసాఫీరీ’ అంటారు. ‘అసాఫీర్’ అంటే పిట్టలు. మనం చేయబోయేది ఈ చిన్న రకమే.

కావలసినవి (సుమారు 25 అట్లకు)

అట్లకు: మైదా 200 గ్రాములు, సన్న బొంబాయి రవ్వ 40 గ్రాములు, చక్కెర 1 టేబుల్ స్పూన్, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 టీస్పూన్, బేకింగ్ పౌడర్ అర టీస్పూన్, చిటికెడు ఉప్పు, గోరువెచ్చని నీళ్ళు 400 మి.లీ.

మీగడకు: చిక్కటి పాలు అర లీటరు, కార్న్‌ఫ్లోర్ 5 టేబుల్ స్పూన్లు, చక్కెర 2 టేబుల్ స్పూన్లు, ఇంట్లో పాల మీద తీసిన మీగడ 4 టేబుల్ స్పూన్లు, రోజ్ వాటర్ 1 టీస్పూన్.

పాకానికి: చక్కెర 200 గ్రాములు, నీళ్ళు 100 మి.లీ., నిమ్మరసం అర టీస్పూన్.

పైన అద్దడానికి: పొడి చేసిన పిస్తా. లేకపోతే జీడిపప్పు పొడి.

తయారీ విధానం

మొదట మీగడ చేసుకోవాలి, అది చల్లారడానికి సమయం పడుతుంది. కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి పాలలోనే ఉండలు లేకుండా కలపండి. చక్కెర వేసి, సన్నటి మంట మీద పెట్టి, గరిటె ఆపకుండా తిప్పండి. చిక్కబడి బుడగలు వచ్చాక మరో నిమిషం ఉడికించి దించండి. పాల మీగడ, రోజ్ వాటర్ కలిపి, వెడల్పాటి గిన్నెలో పోయండి. ఆవిరి తగ్గగానే మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వాడే ముందు చెంచాతో బాగా గిలకొడితే నున్నగా అవుతుంది.

పాకానికి చక్కెర, నీళ్ళు మరిగించి, నిమ్మరసం వేసి ఐదారు నిమిషాలు ఉంచి దించండి. తీగపాకం రానక్కర్లేదు, తేనెలా జారితే చాలు.

అట్ల పిండికి అన్నీ కలిపి, గడ్డలు లేకుండా చిలికి, మూతపెట్టి అరగంట ఉంచండి. ఎండాకాలంలో ఇరవై నిమిషాలు చాలు. పిండి దోశ పిండి కన్నా పలచగా ఉండాలి. మందపాటి పెనాన్ని మధ్యస్థంగా వేడిచేసి, నూనె వేయకుండా ఒక పెద్ద చెంచాడు పిండిని పోయండి. గరిటెతో తిప్పి పరచవద్దు, దానంతట అదే గుండ్రంగా పరుచుకుంటుంది. పైన చిల్లులు పడి, తడి మెరుపు పోయిందంటే అయినట్టే. అడుగు లేత బంగారు రంగులో ఉండాలి. తిరగేయవద్దు. తీసి పొడి గుడ్డ మీద పరచి, పైన మరో గుడ్డ కప్పండి. వేడిగా ఉన్నప్పుడు ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుపోతాయి.

చల్లారాక చిల్లులున్న వైపు లోపలికి వచ్చేలా మడిచి, సగం అంచును వేళ్ళతో నొక్కండి. తెరిచిన వైపు నుంచి మీగడ నింపి, ఆ అంచును పిస్తా పొడిలో అద్దండి. వడ్డించేటప్పుడే పైన పాకం చుక్కలుగా వేయండి.

ఎందుకలా?

చిల్లులు ఎందుకు పడతాయి? ఈస్ట్ చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. పెనం వేడికి ఆ బుడగలు వ్యాకోచించి పైకి వచ్చి పగులుతాయి. అడుగు నుంచి పైకి పిండి గట్టిపడుతూ వస్తుంది కాబట్టి పగిలిన చోట చిల్లు అలాగే మిగులుతుంది. పిండి చిక్కగా ఉంటే బుడగలు పైకి రాలేవు. నీళ్ళు మరీ వేడిగా ఉంటే ఈస్ట్ చచ్చిపోతుంది, అప్పుడు చిల్లులు సరిగా పడవు.

తిరగేయకూడదని ఎందుకన్నాం? పైభాగం ఆవిరితో మాత్రమే ఉడుకుతుంది. అందుకే తడిగా, జిగురుగా ఉంటుంది. ఆ జిగురే అంచులను అతికిస్తుంది. తిరగేసి కాలిస్తే ఎండిపోయి, ఎంత నొక్కినా విచ్చుకుంటుంది.

నిమ్మరసం ఎందుకు? అందులోని ఆమ్లం చక్కెరలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. దానివల్ల పాకం మళ్ళీ పలుకులు కట్టదు.

కార్న్‌ఫ్లోర్‌ను చల్లటి పాలలోనే ఎందుకు కలపాలి? వేడి పాలలో వేస్తే పిండి పైపొర వెంటనే ఉడికి, లోపల పొడి చిక్కుకుపోయి ఉండలు కడుతుంది.

పళ్ళెం గడప దాటే ముందు

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. పాలు, పిండి, తేమ కలిసిన మీగడ సూక్ష్మజీవులకు మంచి ఆహారం. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి వేగంగా పెరుగుతాయి. కాబట్టి మీగడ పెట్టిన ఖతాయిఫ్ బయట రెండు గంటలకు మించి ఉండకూడదు. ఎండలు మండే రోజుల్లో ఒక గంటే. మధ్యాహ్నమే నింపి మగ్రిబ్ దాకా బల్ల మీద ఉంచడం ప్రమాదం. అట్లు, మీగడ విడివిడిగా సిద్ధం చేసుకుని, ఇఫ్తార్‌కు కాస్త ముందు నింపుకోవాలి.

పక్కింటికి పంపడానికి ఇది చక్కని తీపి. కానీ అనాథ పిల్లల వసతి గృహానికో, ఆసుపత్రిలో రోగుల వెంట ఉన్నవారికో పొట్లాలు కట్టి పంపే ఇఫ్తార్‌లో మీగడ రకం పెట్టకండి. ఆ పొట్లం ఎప్పుడు విప్పుతారో మన చేతిలో లేదు. అలాంటి చోటికి అక్రోట్ లేదా జీడిపప్పు పలుకులు, చక్కెర, దాల్చిన చెక్క పొడి కలిపి పూర్తిగా మూసి వేయించిన రకం పంపాలి. పేదవారికి ఇచ్చేది మన ఇంట్లో తినేదానికన్నా తక్కువ జాగ్రత్తతో చేయడం దానం అనిపించుకోదు. కడుపునొప్పితో సహరీకి లేవలేకపోయిన పిల్లవాడికి మన మంచి ఉద్దేశం కనబడదు.

మధుమేహం ఉన్న పెద్దలకు పాకం లేకుండా ఒక్కటి చాలు. మీగడలో ఉన్న తీపే సరిపోతుంది.

పిల్లలకు అభ్యాసం

1. తూకం వేయడం, పిండి చిలకడం అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి చేయండి. 40 మందికి చేయాలంటే, మనిషికి రెండు చొప్పున, ఏ పదార్థం ఎంత కావాలో లెక్క కట్టండి.

2. ఒక అట్టును తిరగేసి, ఇంకొకటి తిరగేయకుండా కాల్చండి. రెండిటినీ మడిచి చూసి, తేడాకు కారణం మీ మాటల్లో రాయండి.

3. మీ ఇంటి నుంచి పళ్ళెం పంపే ఇల్లు ఎంత దూరం? మీగడ నింపిన నిమిషం నుంచి వాళ్ళు తినే నిమిషం దాకా ఎంత సమయం పడుతుందో రాసుకుని, ఏ రకం పంపాలో మీరే నిర్ణయించండి.