గూడుబండిలో వడ్రంగి

కృష్ణానదికి దక్షిణమున, గుంటూరు మొదలుకొని గుండ్లకమ్మ యొడ్డు వఱకు, నల్లరేగడి నేలలు విస్తారముగా వ్యాపించియున్నవి. ప్రత్తికిని మిరపకును ఈ నేలలు పెట్టినది పేరు. వాన కురిసినచో ఈ మన్ను జిగురై బండిచక్రమును పట్టుకొని వదలదు. ఎండ కాసినచో నెఱ్ఱెలు విచ్చును. దారిలోని గాడులు ఱాతివలె గట్టిపడి బండిని అడుగడుగునకు ఎత్తివేయును. రైతు పండించిన పంట బజారు చేరవలెనన్నచో ఇట్టి నేలతో పోరాడి గెలువగల బండి కావలెను. ట్రాక్టర్లును రబ్బరు చక్రములును వ్యాప్తిలోనికి రాకపూర్వము ఆ బండిని చేసి యిచ్చినవాడు వడ్రంగి.

బండిచక్రము చూచుటకు సులభముగా తోచును గాని, అది పలు ముక్కల కూర్పు. నడుమ నుండునది కుండ. దానినుండి నలుదెసలకు వెలువడునవి ఆకులు. ఆకుల కొనలను కలుపుచు చుట్టును అమరియుండునవి వంపుచెక్కలు. అన్నిటిని బిగించి పట్టియుంచునది ఇనుపపట్టా. ఒక్కొక్క వంపుచెక్కకు రెండేసి ఆకులను అమర్చుట వాడుక. ఆకులు పండ్రెండైనచో వంపుచెక్కలు ఆఱు. వీనికి నల్లతుమ్మ కఱ్ఱ మిక్కిలి శ్రేష్ఠము. అది ఈ రేగడి పొలములలోను, చెరువుగట్లమీదను తానై మొలచి పెరుగును. పచ్చికఱ్ఱతో చేసిన చక్రము ఎండకు వదులైపోవును. కావున నేర్పరియైన వడ్రంగి కఱ్ఱను నెలల తరబడి నీడలో ఆరనిచ్చి, పిమ్మటనే బాడిస పట్టును.

పట్టా వేయు విధానము మీరు పాఠశాలలో చదువుకొన్న విజ్ఞానశాస్త్రమునకు చక్కని ఉదాహరణము. పట్టాను చక్రముకంటె రవంత చిన్నదిగా చేసి, పిడకల నిప్పులో ఎఱ్ఱగా కాల్చెదరు. వేడికి ఇనుము వ్యాకోచించును. అప్పుడు దానిని పట్టకార్లతో ఎత్తి చక్రమునకు తొడిగి, వెంటనే నీరు పోసెదరు. చల్లారిన ఇనుము సంకోచించి, కుండను, ఆకులను, వంపుచెక్కలను ఒక్కటిగా బిగించివేయును. పుస్తకములోని సూత్రము తెలియకున్నను, ఆ సూత్రము ఫలితము వడ్రంగికిని కమ్మరికిని తరతరములుగా తెలిసియున్నది.

పూర్వము వడ్రంగికి తన యూరిలో రోజుకూలి లేదు. సంవత్సరము పొడవునను రైతుల నాగళ్లను, గుంటకలను, కాడులను బాగుచేసి, పంట నూర్చిన పిదప కళ్లమువద్ద ధాన్యమును పుచ్చుకొనెడివాడు. ఈ పంపకమునకు మేర యని పేరు. కళ్లములు ముగిసిన వెనుక ఊరిలో పని పలుచబడును. అదే సమయమున ప్రత్తి బండ్లు, మిరప బండ్లు రహదారుల కెక్కును. మాఘమాసమున కోటప్పకొండ తిరునాళ్లు వచ్చును. బండ్లున్నచోట వడ్రంగికి పని యుండును. కావున కొందఱు వడ్రంగులు పనిముట్లతో దారిపట్టుట కద్దు. అట్టివా డొకడు అద్దంకి సీమనుండి కోటప్పకొండకు బయలుదేఱినట్లు మనము భావించుకొందము. అతడు కల్పితపురుషుడే గాని, అతని దారియు, అతని పనియు, అతడు బసచేసిన చోట్లును కల్పితములు కావు.

అతని వాహనము గూడుబండి. వెదురుబద్దలను విల్లువలె వంచి, పైన తాటాకు చాపలు కప్పినచో అదియే గూడు. లోపల పఱచిన వరిగడ్డి పగలు మెత్తయు, రాత్రి పడకయు నగును. ఒక మూల బియ్యపు మూట, చింతపండు, ఎండుమిరపకాయలు. మఱియొక మూల గోనెలో చుట్టిన బాడిస, ఉలులు, రంపము, చిత్రిక, బరమా, సుత్తి. వీనికన్న విలువైనది మఱొకటి కలదు. అది బాగుగా ఆరిన నల్లతుమ్మ దుంగ. తిరునాళ్లలో మంచి వెలకు అమ్ముడుపోవునని అతడు దానిని జాగ్రత్తగా తెచ్చుకొనుచున్నాడు. బండిని లాగునవి ఒంగోలు జాతి గిత్తలు. ఈ జాతి పశువులు సముద్రములు దాటి బ్రెజిల్ దేశమునకు పోయి, అక్కడ నెలోర్ అను పేర విస్తారముగా వృద్ధిచెందినవి.

మొదటి మజిలీ గుండ్లకమ్మ యొడ్డు. అద్దంకి మిక్కిలి ప్రాచీనమైన ఊరు; తొమ్మిదవ శతాబ్దినాటి పండరంగుని శాసనమున తెలుగు తరువోజ పద్యము లభించినది ఇక్కడనే. ఏటియొడ్డున ఇసుకలో చెలమ త్రవ్వినచో మంచినీరు ఊరును. చెట్టు నీడకు అద్దె లేదు. రెండవ రాత్రి ఒక పల్లెలోని రచ్చబండ. రావిచెట్టు క్రింద ఊరివారు కట్టించిన ఆ అరుగుమీద బాటసారి పండుకొనవచ్చును; ఎవరును కాదనరు. అయితే ఎద్దులను ఊరివారి వాములకు దూరముగా కట్టవలెను, పొయ్యి రాళ్ల నడుమ నిప్పును ఆర్పి పోవలెను, బావిగట్టుమీద బట్టలుతుకరాదు. ఈ నియమములను ఎవరును పలకమీద వ్రాసి పెట్టలేదు. అయినను బాటసారు లందఱును వాని నెఱుగుదురు.

మూడవ రాత్రి మార్టూరు దాటి చిలకలూరిపేటకు పోవు బాటలో ఒక సత్రము. వడ్రంగి వంట ముగించుకొని నడుము వాల్చబోవునంతలో బాటమీద కేకలు వినవచ్చెను. గుంటూరు బజారునకు మిరపకాయలు తీసికొనిపోవుచున్న ఒక వృద్ధరైతు బండి గాడిలో పడి ఒరగినది. ఒక వంపుచెక్క చీలినది. దానితోపాటు రెండాకులు విఱిగినవి. పడమట మబ్బు పట్టియున్నది. ఎండిన మిరపకాయలపై వాన పడినచో రంగు చెడి బూజుపట్టును; వెల పడిపోవును. ఆ బండిలో నున్నది ఒక కుటుంబము యొక్క సంవత్సరపు కష్టము. విత్తనములకును ఎరువులకును తెచ్చిన అప్పు కూడ ఆ బండిలోనే యున్నది.

వడ్రంగి చక్రమును తట్టి చూచి, "పెద్దయ్యా, దీనికి ఆరిన కఱ్ఱయే కావలెను. పచ్చికొమ్మ నఱికి అతికినచో గుంటూరు చేరకముందే మరల విఱుగును" అనెను.

"ఈ నడిరేయి ఆరిన కఱ్ఱ నాకెక్కడ దొరకును, ఆచారిగారూ?" అని రైతు తల పట్టుకొనెను.

వడ్రంగి కొంతసేపు పలుకలేదు. దుంగను కోసినచో తిరునాళ్లలో దానికి రావలసిన వెల రాదు. ఆ సొమ్ముతో ఇంటికి కొనిపోవలె ననుకొన్న వస్తువులు లేకపోలేదు. అతడు మబ్బువైపు చూచెను. మిరప బస్తాలవైపు చూచెను. తరువాత లేచి, గూడులోనుండి దుంగను దించెను.

సత్రపు కావలివాడు లాంతరు పట్టుకొనెను. సత్రములో నిదురించుచున్న బాటసారులు లేచి వచ్చి బస్తాలను అరుగుమీదికి చేర్చిరి. ఒకడు పిడకలు తెచ్చెను. ఒకడు నీరు తోడెను. వడ్రంగి పట్టాను విడగొట్టి, దుంగనుండి వంపుచెక్కను, రెండాకులను చెక్కి కూర్చెను. పట్టాను కాల్చి మరల తొడిగించునప్పటికి తెల్లవాఱవచ్చినది. బండి లేచి నిలిచినది.

రైతు మొలకు కట్టుకొన్న సంచి విప్పి, "మీ కూలి యెంత, ఆచారిగారూ?" అని అడిగెను.

"కఱ్ఱ నాది. దాని వెల యిండు. పనికి వెల వలదు. మూడు రాత్రులుగా నేను ఒకరు నాటిన చెట్ల క్రింద, ఒకరు కట్టిన అరుగులమీద పండుకొనుచున్నాను. వారెవరో నేనెఱుగను. వారికి తీర్చలేని బాకీని మీయందు తీర్చుకొంటిని" అని వడ్రంగి బదులు చెప్పెను.

బాలబాలికలారా! ఈ మాటలోని అర్థమును మీరు గమనింపవలెను. ఉచితముగా దొరకిన విడిది వెలలేని వస్తువు కాదు. దాని వెలను మనకు ముందు ఎవరో చెల్లించియున్నారు. చెట్టు నాటినవాడు దాని నీడలో కూర్చుండుటకు బ్రతికియుండకపోవచ్చును. బావి త్రవ్వించినవాడు ఆ నీరు త్రాగువారి ముఖము చూడకపోవచ్చును. ఆ వెలను తిరిగి చెల్లించుటకు మార్గ మొకటే: మన తరువాత వచ్చువానికి మనము కొంత మేలు చేసి పోవుట.

ఈ ధర్మము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దిలో అశోకచక్రవర్తి బాటల వెంట చెట్లు నాటించి, బావులు త్రవ్వించినట్లు తన శాసనములలో చెప్పుకొన్నాడు. అట్టి శాసనములు మన రాష్ట్రమున కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడివద్ద నేటికిని చూడవచ్చును. 1830వ సంవత్సరమున ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశీకి యాత్రచేసి, మరుసటి యేట తిరిగివచ్చెను. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో మజిలీ మజిలీకి బాటసారులకు గల వసతులు వర్ణింపబడినవి. గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా సీతమ్మగారు 1909లో మరణించువఱకు, వేళ యనక పాళ యనక, వచ్చినవారి కెల్ల అన్నము పెట్టి, అపరాన్నపూర్ణ యని పేరొందినారు.

ఇతర దేశములలోను ఇట్టి ఆచారములు లేకపోలేదు. జర్మనీలో వడ్రంగపు పని నేర్చిన యువకులు కొందఱు నేటికిని మూడు సంవత్సరముల ఒక దినము దేశసంచారము చేయుదురు. నల్లని దుస్తులును, వెడల్పైన అంచు గల టోపీయును వారి గుర్తులు. ఆ కాలమున వారు స్వగ్రామమునకు 50 కిలోమీటర్ల లోపలికి రాగూడదు. తమకు ఆశ్రయ మిచ్చినవారికి పనిచేసి ఋణము తీర్చుకొందురు. ఆస్ట్రేలియాలో ఇల్లువంటి బండిని మోటారుకారునకు తగిలించుకొని, జనసంచారము తక్కువైన విశాల ప్రదేశములందు తిరుగువారు అనేకులు కలరు. వారికొఱకు రుసుము లేని విడిదిస్థలములు అక్కడ ఏర్పడియున్నవి. తాను తెచ్చిన చెత్తను తానే తీసికొనిపోవుట ఆ విడుదులలో మొదటి మర్యాద. దేశము వేఱైనను ధర్మ మొక్కటియే.

మన వడ్రంగి శివరాత్రికి కోటప్పకొండ చేరెను. నరసరావుపేటకు సమీపమున నున్న ఈ కొండకు త్రికూటపర్వతమని పేరు. ఇచ్చట వెలసిన స్వామి త్రికోటేశ్వరుడు. చుట్టుప్రక్కల గ్రామములవారు మ్రొక్కుబడిగా ప్రభలు కట్టుకొని వచ్చుట ఈ తిరునాళ్ల ప్రత్యేకత. బలమైన దూలముల పీఠముపై వెదుళ్లు నిలిపి, గుడ్డలతోను రంగుకాగితములతోను అలంకరించి, చక్రములమీద నడపించుకొని వచ్చెదరు. కొన్ని ప్రభలు 80 అడుగులకు మించి యెత్తుండును. నలువైపులను మోకులు పట్టినవారు ఒక్క మనస్సుతో నడచినప్పుడే ప్రభ నిలిచియుండును; ఒకవైపు మోకు సడలినచో ఒరగిపోవును. వడ్రంగి కళ్లు పైనున్న రంగులమీద నిలువలేదు. క్రిందనున్న పీఠమును, ఇరుసును, చక్రములను పరిశీలించుచుండెను. ఎవరి కళ్లకును కానరాని ఆ అడుగుభాగమే అంత బరువును మోయుచున్నది.

కాలము మాఱినది. 1967లో నాగార్జునసాగరమునుండి కాలువలకు నీరు వదలిన పిమ్మట ఈ మైదానమున అనేక మెట్టభూములు మాగాణులైనవి. గుంటూరు మిరపకాయల బజారు ఆసియాఖండమునందలి పెద్ద బజారులలో నొకటిగా ప్రసిద్ధి చెందినది. మార్టూరు, చిలకలూరిపేటలమీదుగా పోవు పాతబాట నేడు విశాలమైన జాతీయరహదారి. కఱ్ఱచక్రముల బండ్లు అరుదైనవి. చక్రము చేయగల వడ్రంగులు కూడ అరుదైనారు. కొందఱి కుమారులు తలుపులు, కిటికీలు చేయుచున్నారు. కొందఱు వేఱు వృత్తులలో ప్రవేశించినారు. వృత్తి మాఱుట తప్పు కాదు. ఆ చేతులలోని విద్య ఎవరును నేర్చుకొనకుండ అంతరించిపోవుట మాత్రము మనకు నష్టము. అయినను ప్రభలు కట్టుట ఆగలేదు. తిరునాళ్ల దినములందు కోటప్పకొండవద్ద సత్రములవారు వచ్చినవారికి అన్నము పెట్టుటయు ఆగలేదు.

మీ యూరిలో ఒక పాత రచ్చబండ యుండవచ్చును. పూడిపోయిన బావి యుండవచ్చును. పైకప్పు కూలిన సత్ర ముండవచ్చును. దానిని కట్టించినవా రెవరో పెద్దల నడిగి తెలిసికొనుడు. ఊరిలో వృద్ధుడైన వడ్రంగి యున్నచో ఆయన చెంత కూర్చుండి, చక్రము కూర్చు విధమును అడిగి వ్రాసికొనుడు. ఒక చెట్టు నాటి నీరు పోయుడు. ఎన్నడో ఒకనాడు పేరు తెలియని బాటసారి దాని నీడలో నడుము వాల్చును. అతడు మిమ్ము నెఱుగడు. అయినను మీకు ఋణపడును. ఆ ఋణమును అతడు మఱియొకరికి తీర్చును. లోకము నడచుట ఇట్లే.

ప్రశ్నలు

1. నల్లరేగడి నేలలో బండి నడపుట ఏల కష్టము?
2. చక్రమునకు ఇనుపపట్టా బిగియు విధమును శాస్త్రకారణముతో వివరింపుము.
3. మేర యనగా నేమి? వడ్రంగి ఏ కాలమున, ఎందుకు ఊరు విడిచి పోయెడివాడు?
4. దుంగను కోయుటకు ముందు వడ్రంగి మనస్సున మెదలిన ఆలోచన లెట్టివి? నీవైనచో నేమి చేసియుందువు?
5. "ఉచితముగా దొరకిన విడిది వెలలేని వస్తువు కాదు." ఈ వాక్యమును మీ యూరిలోని ఒక ఉదాహరణముతో సమర్థింపుము.