గుండెదడ – కొండ గ్రామములలో తీసుకొనవలసిన జాగ్రత్తలు



అరకు కొండలలో కాఫీపండ్ల బస్తా మోయుచు ఎగువకు నడచునపుడు గుండె వేగముగా కొట్టుకొనుట సహజమే. కొంతసేపు కూర్చున్న తగ్గును. కూర్చున్నను తగ్గక, తరచు వచ్చుచున్నచో దానిని సోమరితనమనియో, గాలి సోకినదనియో తలచరాదు.

నాడి చూచుట: ఐదు నిమిషములు కూర్చొని, బొటనవ్రేలి దిగువ మణికట్టుపై రెండు వ్రేళ్ళుంచి ఒక నిమిషము లెక్కింపవలెను. పెద్దలకు 60 నుండి 100 వరకు ఉండుట మామూలు.

కారణములు: ముఖ్యమైనది రక్తహీనత. ప్రాణవాయువును మోయు శక్తి రక్తములో తగ్గినపుడు, ఆ లోటు తీర్చుటకు గుండె హెచ్చుసార్లు కొట్టుకొనును. కనురెప్పల లోపలి భాగము, నాలుక పాలిపోవును. జ్వరము, దిగులు, థైరాయిడు వ్యాధి, మితిమీరిన కాఫీ, పొగాకు కూడ కారణములే.

ఆహారము: పెరటిలో మునగ, తోటకూర పెంచవలెను. రాగి అంబలితో ఉలవలు, ఆకుకూరలు తినవలెను. నిమ్మ లేక ఉసిరి చేర్చిన ఇనుము బాగుగా వంటబట్టును. భోజనమైన గంటవరకు టీ, కాఫీ త్రాగరాదు.

హెచ్చరిక: గిరిజనులలో సికిల్ సెల్ వ్యాధి హెచ్చు. ఇందు ఎర్రకణములు కొడవలివలె వంగి త్వరగా నశించును. ఇనుము లోపము కారణము కాదు. కావున ఆరోగ్య కార్యకర్త సలహా లేక ఇనుపమాత్రలు మింగరాదు. 2023లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన నిర్మూలన కార్యక్రమమున 40 ఏండ్లలోపువారికి ఈ రక్తపరీక్ష చేయుదురు. తప్పక చేయించుకొనుడు.

గ్రామాధికారులకు: దడతో ఛాతీనొప్పి, ఆయాసము, స్పృహ తప్పుట కలిగినచో వెంటనే 108కి ఫోను చేయవలెను. బండి రాని పల్లెలలో డోలీని, మోయువారిని ముందుగనే నిర్ణయించి ఉంచవలెను. ఆపద వచ్చిన పిదప వెదకినచో కాలము మించిపోవును.