సహాధ్యయనము

ఇద్దరు చదువరులు కలిసికొనినప్పుడు మొదట వచ్చు ప్రశ్న సామాన్యముగా ఒకటే: ఇప్పుడేమి చదువుచున్నారు? ఆ వెంటనే రెండవది: ఎట్లున్నది? మొదటిదానికి సమాధానము సులభము. గ్రంథము పేరు చెప్పిన చాలును. చిక్కంతయు రెండవదానియందే యున్నది. చదువుట ఇంకను ముగియలేదు. గ్రంథకర్త తాను చెప్పదలచినదానిని పూర్తిగ చెప్పలేదు. ఐనను చదువరి తీర్పు చెప్పివేయుచున్నాడు. బాగున్నదనియో, పసలేదనియో ఒక్క మాటతో గొప్ప గ్రంథముల యోగ్యత సైతము తేలిపోవుచున్నది. వినినవాడు ఆ తీర్పునే తన యభిప్రాయముగా మూడవవానికి చేరవేయును. కనుకనే ఒక్క పుటయైన తిప్పనివారి నోట కూడ గ్రంథములను గూర్చిన గట్టి యభిప్రాయములు వినవచ్చుచుండును.

దీనిని చూచి, చదువు ముగియువరకు పెదవి విప్పరాదనియే పెద్దల మతమై యుండునని కొందరు తలంతురు. శాస్త్రములయందు కనబడునది అది కాదు. తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లియందు ఋతము, సత్యము, తపస్సు, దమము, శమము మొదలుగా చెప్పబడిన ప్రతి ధర్మము వెంటను స్వాధ్యాయ ప్రవచనములు రెండును జంటగా విధింపబడినవి. తాను చదువుట స్వాధ్యాయము. దానిని ఇతరులకు చెప్పుట ప్రవచనము. అగ్నిహోత్రము సల్పువాడైనను, అతిథిసేవ చేయువాడైనను, బిడ్డలను పెంచుకొనువాడైనను ఈ రెంటిని విడువరాదు. సత్యమే ముఖ్యమని ఒక ఋషియు, తపస్సే ముఖ్యమని మరియొకరును చెప్పగా, మౌద్గల్యుడైన నాకుడు స్వాధ్యాయ ప్రవచనములే తపస్సని తన మతమును ప్రకటించిన సంగతి కూడ అచ్చటనే యున్నది. పతంజలి మహర్షి వ్యాకరణ మహాభాష్యము యొక్క ఆరంభమున, విద్య సార్థకమగుటకు నాలుగు కాలములను పేర్కొనెను: గురుముఖమున గ్రహించు కాలము, తాను వల్లించుకొను కాలము, ఇతరులకు చెప్పు కాలము, వ్యవహారమున వినియోగించు కాలము. ఈ వరుసలో చెప్పుట చివరిది కాదు. చెప్పుటతో తన చదువు పూర్తియైనదని తలచువాడు మూడవ మెట్టుననే కూర్చుండిపోయినవాడు.

మన తెలుగు గ్రామములలోని పురాణ కాలక్షేపములు ఈ ప్రవచనమునకు జనసామాన్యమున ఏర్పడిన రూపములు. ఒకరు పద్యము చదువగా మరియొకరు అర్థము చెప్పుచుండెడివారు. ఆనాటి కథ ఎక్కడనో ఒకచోట నిలిచిపోవును. ముందు జరుగబోవునది వినకయే ఆ రాత్రి అరుగులమీద కర్ణుని తప్పొప్పులు చర్చకు వచ్చుచుండెడివి. మరునాడు కథ మరికొంత నడచిన పిదప నిన్నటి తీర్పు మారుచుండెడిది. అట్లు మారినందులకు ఎవరును సిగ్గుపడెడివారు కారు.

కాబట్టి ప్రశ్న, చదువుచున్నదానిని గూర్చి మాటాడవచ్చునా యని కాదు; ఎవరితో, ఏ బుద్ధితో మాటాడవలెనని. దీనికి గౌతముని న్యాయసూత్రములలో, నాలుగవ యధ్యాయము చివర, చక్కని సమాధానము కలదు. జ్ఞానమును గ్రహించుట, అభ్యసించుట, ఆ విద్య నెరిగినవారితో సంవాదము చేయుట అవసరములని చెప్పి, ఆ సంవాదమును శిష్యునితో, గురువుతో, తోడి బ్రహ్మచారితో, విశిష్టులతో, శ్రేయస్సును కోరువారితో జరుపవలెనని సూత్రకారుడు నియమించెను. వీరందరికిని ఒక్క విశేషణము చేర్చెను: వారు అసూయ లేనివారై యుండవలెను. గుణమునందు సైతము దోషమును వెదకు స్వభావమే అసూయ. అది గల చోట గ్రంథముమీద చర్చ జరుగదు, మనుష్యులమీద జరుగును. ఆ వెనుక సూత్రము మరింత ఆశ్చర్యము గొలుపును. తెలిసికొనగోరువాడు తనకంటూ ఒక పక్షము లేకుండ కూడ అట్టివారి కడకు పోవచ్చునట! చదివిన ప్రతిదానిమీద ఏదో ఒక యభిప్రాయము ఉండితీరవలెనని, లేనిచో అది తెలివితక్కువతనమని తలచు చదువరికి ఈ సూత్రము పెద్ద ఊరట. జల్పవితండలను గౌతముడు పూర్తిగ త్రోసివేయలేదు. మొలకలను కాపాడుటకు చుట్టును వేయు ముండ్లకంపతో వానిని పోల్చెను. కంప ఉండవలసినది చేనిగట్టుననే కాని సహపాఠులు కూర్చుండు చాపమీద కాదు.

చరకసంహిత వైద్యశాస్త్రమే యైనను ఈ విషయమున దర్శనములకు తీసిపోదు. విమానస్థానము ఎనిమిదవ యధ్యాయమున, ఒకే విద్య నెరిగినవారు జరుపు సంభాషణము రెండు విధములుగ చెప్పబడినది: స్నేహపూర్వకమైనది, కలహపూర్వకమైనది. మొదటిదానికి చెప్పిన నియమములు నేటి చదువరులకును సరిగా సరిపోవును. శంక లేకుండ చెప్పవలెను. శంక లేకుండ అడుగవలెను. ఓడుదునేమోయని బెదరరాదు, గెలిచితినని పొంగరాదు, ఇతరుల యెదుట దానిని చాటుకొనరాదు. అజ్ఞానముచే ఒకే పక్షమును పట్టుకొని వ్రేలాడరాదు. తనకు తెలియని విషయమును వర్ణింపరాదు. ఈ కడపటి నియమ మొక్కటి పాటింపబడినచో పుస్తకములను గూర్చి లోకమున జరుగు సంభాషణలో సగము నిలిచిపోవును. మిగిలిన సగము వినదగినదై యుండును.

నచ్చని గ్రంథము విషయమున ఏమి చేయవలెను? నచ్చినదానిని నలుగురికి చెప్పుటలో చిక్కు లేదు. నచ్చనిదానిని ఎవరికి చెప్పుచున్నామను దానిని బట్టియే ఆ చదువు ముందుకు సాగునో అక్కడ ఆగునో తేలును. శ్రీరామకృష్ణుల జీవితమున దీనికి మంచి యుదాహరణ మొకటి కలదు.

నరేంద్రుడు దక్షిణేశ్వరమునకు వచ్చుచున్న తొలి దినములలో సాధారణ బ్రాహ్మసమాజ సభ్యుడు. నిరాకారుడును గుణవంతుడును అగు ఈశ్వరుని ఉపాసించువాడు. శ్రీరామకృష్ణులు అతనిని అష్టావక్రసంహిత చదువుమనిరి. జీవుడే బ్రహ్మమను మాట అతనికి పాపోక్తిగ తోచెను. దీనికిని నాస్తికత్వమునకును భేదమేమని వాదించెను. ఇట్టివి వ్రాసిన ఋషులకు మతి చలించియుండునని కూడ అనెను. గురుదేవులు నొచ్చుకొనలేదు. అతనిని ఒప్పుకొమ్మని బలవంతము చేయలేదు. అతడు తనకొరకు చదువనక్కరలేదు, తాము వినుటకై కొంత చదివిన చాలునని మాత్రమే చెప్పిరి. ఆ విధముగ, తనకు గిట్టని గ్రంథమును, దానిని ప్రేమించువారి యెదుట, అతడు పైకి చదువవలసివచ్చెను. చదువుచు ఆక్షేపించెను, ఆక్షేపించుచు చదివెను. గ్రంథము మూతపడలేదు.

ఆ యభిప్రాయమునే నరేంద్రుడు మరియొకచోట కూడ వెలిబుచ్చెను. దక్షిణేశ్వరముననే యుండిన ప్రతాపచంద్ర హాజ్రాతో ఒకనాడు కూర్చుండి, చెంబును గిన్నెయును కంటికి కనబడునవన్నియు ఈశ్వరుడే యనుట ఎంత వింత యని పరిహసించెను. హాజ్రా వంత పాడెను, ఇరువురును నవ్వుకొనిరి. ఆ సంభాషణయందు గ్రంథము పక్షమున పలుకువాడెవ్వడును లేడు. నవ్వు విని శ్రీరామకృష్ణులు గదినుండి వెలుపలికి వచ్చి, తామును నవ్వుచు, నరేంద్రుని తాకి సమాధిమగ్నులైరి. తరువాత కొన్ని దినములు అతనికి భోజనము, వడ్డించువారు, వీధిలో పోవు బండ్లు, తాను, అన్నియు ఒకటేయని తోచుచుండెనని అతని జీవితచరిత్రలు తెలుపుచున్నవి. కలకత్తాలోని హేదువా ఉద్యానవనపు ఇనుపకంచెకు తల కొట్టుకొని, ఆ కంచె నిజమో కలయో చూచుకొనెనట.

గురుస్పర్శ చదువరులందరికి లభించునది కాదు. దానిని ఇచ్చట విధానముగ చెప్పుట హాస్యాస్పదమగును. కాని దానికి ముందు జరిగినది ఎవరికైనను సాధ్యమే. తనకు నచ్చని మాటను, అదే మాట నచ్చని వానితో చెప్పుకొనినచో వినోదము కలుగును. అంతకుమించి ఏమియు కలుగదు. దానినే ఆ గ్రంథముతో బ్రదుకుచున్నవాని యెదుట చెప్పినచో, తన ఆక్షేపణ ఎంత బలమైనదో, ఎంత తొందరపడి పుట్టినదో తెలియును. గ్రంథమును ప్రేమించువానికిని ఇందు ఒక పాఠము కలదు. ఎదుటివానిని గెలువనక్కరలేదు, పుస్తకము మూయనీయకుండిన చాలును.

ఈ యలవాటు నరేంద్రునియందు నిలిచినది. శ్రీరామకృష్ణులు 1886లో మహాసమాధి చెందిన పిదప వరాహనగర మఠమున శిథిలమైన యింట నివసించిన యువసన్న్యాసులు కాంట్, హెగెల్, మిల్, స్పెన్సర్ మొదలగు పాశ్చాత్య తత్త్వవేత్తల మతములను సైతము చర్చించుచుండిరి. 1888 నవంబరులో నరేంద్రుడు కాశీలోని ప్రమదదాస మిత్రునకు వ్రాసి మఠమునకై పాణిని అష్టాధ్యాయిని కోరెను. 1889 ఆగస్టున మరల ఆయనకే కొన్ని ప్రశ్నలు వ్రాసి పంపెను. సత్యకామ జాబాలుని, జానశ్రుతిని గూర్చిన కథలు ఉపనిషత్తులలో గాక వేదమున మరెచ్చటనైన కలవా? బ్రహ్మసూత్ర భాష్యమున స్మృతిప్రమాణముగ తరచు మహాభారతమునే చూపు శంకరాచార్యులు, వర్ణము గుణమును బట్టియే యని తెలుపు భారతవాక్యములను గూర్చి ఎచ్చటనైన ప్రస్తావించిరా? రెండవది మెత్తని ప్రశ్న కాదు. భాష్యకారులపై అది గొప్ప ఆక్షేపణయే. ఐనను దానిని పుస్తకమును ఆక్షేపించువారికి గాక, శాస్త్రపండితుడును, సనాతన సంప్రదాయమునందు గౌరవము గలవాడును అగు మిత్రునకు వ్రాసినాడు. తీర్పుగ గాక, ఎచ్చట చూడవలెనో తెలుపుమను అభ్యర్థనగ వ్రాసినాడు.

ఇచ్చట ఒక చిన్న మాట చెప్పవలసియున్నది. అభిప్రాయమును పంచుకొనునప్పుడు గ్రంథకర్త చెప్పినదెంత, తనకు తోచినదెంత యని వేరుపరచుట చాలమంది చేయరు. ఎంతవరకు చదివితినో కూడ చెప్పరు. ఆరవ యధ్యాయమున నున్నవాడు ఆ సంగతి చెప్పి మాటాడినచో, పదునెనిమిదింటిని ముగించినవాడు అతనికి తోడ్పడగలడు. ఇక, ఒకడు శ్రద్ధతో అప్పుడే మొదలిడిన గ్రంథమును అతని యెదుట తూలనాడుట గీతయందు నిషేధింపబడిన బుద్ధిభేదమే యగును. అతనికి అందువలన పోవునది ఒక పుస్తకము కాదు, చదువవలెనను ఉత్సాహమే.

తనకు పక్షము లేదని ఒప్పుకొనినవానికి సహాధ్యయనము ఎంతటి మేలు చేయునో గాంధీమహాత్ముని ఆత్మకథ తెలుపును. ఆయన 1888లో న్యాయశాస్త్రము చదువుటకై లండను చేరెను. రెండవ సంవత్సరము చివర, దివ్యజ్ఞాన సమాజమునకు చెందిన ఇద్దరు సోదరులతో పరిచయమయ్యెను. వారు అప్పుడు ఎడ్విన్ ఆర్నాల్డు గావించిన గీతానువాదమును చదువుచుండిరి. భారతీయుడు కదా యని, తమతో కూడ మూలమును చదువుటకు ఆయనను ఆహ్వానించిరి. గాంధీ గీతను సంస్కృతమునను చదువలేదు, గుజరాతీయందును చదువలేదు. సిగ్గుపడెను, కాని విననివానివలె తప్పించుకొనలేదు, విన్న రెండు మాటలు చెప్పి పండితుడు కాలేదు. చదువలేదని ఒప్పుకొని, వారితో కలిసి చదువుటకు సంతోషముతో అంగీకరించెను. తనకు సంస్కృతము కొంచెమే వచ్చినను, అనువాదము ఎచ్చట మూలార్థమును అందుకొనలేదో చెప్పగలంతగానైన తెలియునని ఆశపడెను. రెండవ యధ్యాయమున, విషయచింతనమునుండి నాశనమువరకు మెట్లుమెట్లుగ దిగజారు మనస్సును వర్ణించు శ్లోకములు ఆయన హృదయమున నాటుకొనెను.

ఆ చదువు అంతటితో ఆగలేదు. 1903 ప్రాంతమున జొహానెస్‌బర్గులో మరల దివ్యజ్ఞాన సమాజ మిత్రులతోనే కూడి గీతాపఠనము సాగెను. ప్రతిదినము ఉదయము పండ్లు తోముకొను పదునైదు నిమిషములలో, గోడకు అంటించుకొనిన కాగితపు ముక్కలనుండి శ్లోకములు వల్లించుచు పదమూడు అధ్యాయములు కంఠస్థము చేసెను. అపరిగ్రహము, సమభావము అను మాటలు ఆయనను పట్టుకొనెను. భార్యాబిడ్డలుండగా అపరిగ్రహమననేమి? ఈ ప్రశ్న మిత్రులతో చర్చించి విడిచిపెట్టదగినదిగ ఆయనకు తోచలేదు. బొంబాయిలో పదివేల రూపాయలకు చేసియుండిన జీవితబీమాకు ఇక సొమ్ము కట్టవలదని వ్రాసివేసెను. పతంజలి చెప్పిన నాలుగవ కాలమున కాలుమోపుట యిది.

మరుసటి యేడు, అనగా 1904లో, ఆయన జొహానెస్‌బర్గునుండి డర్బానునకు పోవుచుండగా హెన్రీ పోలక్ అను మిత్రుడు స్టేషనుకు సాగనంప వచ్చి, దారిలో చదువుకొనుటకు తనకు ఇష్టమైన రస్కిన్ గ్రంథ మొకటి చేతికిచ్చెను. అది ఇరువదినాలుగు గంటల ప్రయాణము. చదువ మొదలిడిన పుస్తకమును గాంధీ క్రింద పెట్టలేకపోయెను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తన యభిప్రాయమును ఆయన ముందుగా చెప్పినది పత్రికా ముద్రణాలయమును నడుపుచున్న ఆల్బర్టు వెస్టుతో. ఆ పుస్తకము తన మనస్సుపై చేసిన పనిని వర్ణించి, "ఇండియన్ ఒపీనియన్" పత్రికను ఒక పొలమునకు తరలింపవలెననియు, అందరును అచ్చట శరీరశ్రమ చేయుచు నెలకు మూడేసి పౌనులు మాత్రమే తీసికొనవలెననియు ప్రతిపాదించెను. వెస్టు సమ్మతించెను. ఫీనిక్సు ఆశ్రమము అట్లు వెలసినది. 1908లో గాంధీ ఆ గ్రంథసారమును "సర్వోదయ" మను పేర గుజరాతీలో ప్రకటించెను. తాను ఎరువిచ్చిన పుస్తకము ఇంతపని చేసినదని వినిన పోలక్ ఆనందము పట్టజాలక, తనకును అందు చోటు కలదాయని అడిగి, పనిచేయుచున్న పత్రికకు రాజీనామా ఇచ్చి, ఫీనిక్సునకు వచ్చి చేరెను.