యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అవసరమా? – మేళ్లచెరువు ప్రాంత కుటుంబాలకు సలహా ఇచ్చే క్రమం

పరిచయం

సూర్యాపేట జిల్లాలోని మేళ్లచెరువు మండలం 2016 వరకు నల్లగొండ జిల్లాలో భాగం. ఇక్కడ ఒకవైపు వరి, పత్తి, మిరప సాగు, మరొకవైపు సున్నపురాయి ఆధారంగా వెలసిన సిమెంటు పరిశ్రమ జీవనాధారాలు. వయసు మళ్లకుండా, క్యాన్సర్ రాకుండా కాపాడతాయన్న ప్రచారంతో అమ్ముడయ్యే యాంటీ ఆక్సిడెంట్ మాత్రల గురించి ఇటువంటి గ్రామాల కుటుంబాలు అడిగినప్పుడు, విస్తరణ సిబ్బంది ఏ ఆధారంతో సమాధానం చెప్పాలన్నది ఈ వ్యాసంలో చర్చించడమైనది.

యాంటీ ఆక్సిడెంట్లు – శరీరధర్మం

శ్వాసక్రియ, పొగాకు పొగ, తీవ్రమైన ఎండ వంటి కారణాల వల్ల శరీరంలో ఫ్రీ రాడికల్స్ ఏర్పడి కణాలను దెబ్బతీస్తాయి. వీటిని అదుపు చేయడానికి శరీరానికి సొంత ఎంజైములు ఉన్నాయి. జింకు, రాగి, మాంగనీసు, సెలీనియం, ఇనుము వాటికి తోడ్పడే ఖనిజాలు. ఆహారం ద్వారా లభించే విటమిన్-సి, విటమిన్-ఇ, కెరోటినాయిడ్లు కూడా ఈ రక్షణలో పాలుపంచుకుంటాయి.

అయితే ఫ్రీ రాడికల్స్ పూర్తిగా శత్రువులు కావు. రోగక్రిములను చంపడానికి తెల్లరక్తకణాలు వాటినే వాడుకుంటాయి. కాబట్టి ‘కొంత మేలు చేస్తే ఎక్కువ ఇంకా మేలు చేస్తుంది’ అన్న తర్కం ఇక్కడ నిలవదు. జింకు లోపం లేని మడిలో జింకు సల్ఫేటు వేసినంత మాత్రాన దిగుబడి పెరగదన్నది వ్యవసాయ విద్యార్థులకు తెలిసిన విషయమే.

ప్రయోగ ఫలితాలు

పండ్లు, కూరగాయలు ఎక్కువగా తినేవారిలో కొన్ని వ్యాధులు తక్కువని పరిశీలనలు తెలిపాయి. దీనికి వాటిలోని బీటా కెరోటినే కారణమై ఉండవచ్చని భావించి, ఫిన్లాండులో 29,133 మంది పొగతాగే పురుషులపై పరీక్ష జరిపారు. రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగినట్లు 1994లో వెల్లడైంది. అమెరికాలో పొగతాగేవారు, ఆస్బెస్టాస్ కార్మికులు కలిపి 18,314 మందిపై బీటా కెరోటిన్, విటమిన్-ఎ కలిపి పరీక్షించగా, ఆ క్యాన్సర్ 28 శాతం ఎక్కువ కనిపించడంతో 1996 జనవరిలో మాత్రలను ఆపివేశారు. 35,533 మంది పురుషులపై జరిగిన మరొక పరీక్షలో, రోజుకు 400 అంతర్జాతీయ యూనిట్ల విటమిన్-ఇ తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగినట్లు 2011లో తేలింది.

బీడీ, చుట్ట, సిగరెట్ అలవాటు ఉన్నవారు తమకే రక్షణ ఎక్కువ అవసరమని భావించి బీటా కెరోటిన్ మాత్రలు కొనే అవకాశం ఉంది. ఫలితాల ప్రకారం వారికే హాని ఎక్కువ. వారికి ఇవ్వవలసిన సలహా పొగ మానడమే.

నిర్ణయ క్రమం

సలహా ఇచ్చే ముందు ఈ నాలుగు ప్రశ్నలను వరుసగా వేయాలి.

1. నిరూపితమైన లోపం గానీ వ్యాధి గానీ ఉన్నదా? వయసుతో కంటి రెటీనా మధ్యభాగం క్షీణించే వ్యాధి మధ్యస్థ దశలో ఉన్నవారికి, నిర్ణీత మోతాదులో విటమిన్లు, జింకు, ల్యూటిన్ కలిసిన మాత్రలు వ్యాధి ముదరడాన్ని తగ్గిస్తాయి. దీనిని కంటి వైద్యులే నిర్ణయించాలి.

2. అసలు లోటు వేరొకటా? తెలంగాణలో 15–49 ఏళ్ల మహిళల్లో సగానికి మించి రక్తహీనతతో ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 చూపింది. అలసటకు యాంటీ ఆక్సిడెంట్ సీసా కొనేకంటే ముందుగా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. అలాగే నల్లగొండ ప్రాంతపు ఫ్లోరోసిస్‌కు మొదటి పరిష్కారం ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న తాగునీరు. ఆ స్థానాన్ని ఏ మాత్రా భర్తీ చేయలేదు.

3. హాని కలిగే పరిస్థితి ఉన్నదా? పొగతాగేవారు బీటా కెరోటిన్ మాత్రలకు దూరంగా ఉండాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారిలో అధిక విటమిన్-ఇ రక్తస్రావ ప్రమాదాన్ని పెంచవచ్చు. మూత్రపిండాల్లో రాళ్లు ఏర్పడేవారు అధిక విటమిన్-సి మాత్రలు మానాలి. క్యాన్సర్ చికిత్స పొందుతున్నవారు వైద్యుని అడగకుండా ఏదీ వాడరాదు.

4. ఇదే పోషకం ఆహారంలో లభిస్తుందా? పెద్దలకు రోజుకు అవసరమైన విటమిన్-సి పురుషులకు 80, స్త్రీలకు 65 మిల్లీగ్రాములని 2020 నాటి భారతీయ ప్రమాణాలు పేర్కొన్నాయి. వంద గ్రాముల జామపండు దాదాపు 200 మిల్లీగ్రాములు ఇస్తుంది.

ఆహార సూచనలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు సూచించింది. తోటకూర, మునగాకు, గోంగూర, కరివేపాకు, టమాటా, జామ, ఉసిరి ఈ ప్రాంతంలో దొరికేవే. కెరోటిన్‌ను శరీరం గ్రహించడానికి కొద్దిగా నూనె అవసరం గనుక ఆకుకూర పప్పుకు తాలింపు వేయడం శాస్త్రీయమే. విటమిన్-సి వేడికి, నీటికి నష్టపోతుంది గనుక కూరలను కడిగిన తరువాతే తరగాలి. ఉడికించిన నీటిని పారబోయరాదు. భోజనంతో పాటు నిమ్మరసం గానీ ఉసిరి గానీ తీసుకుంటే ఆకుకూరలు, పప్పులలోని ఇనుము మెరుగ్గా వంటబడుతుంది.

విస్తరణ సిబ్బందికి

సప్లిమెంట్లపై ‘ఔషధ వినియోగానికి కాదు’ అన్న సూచన ఉండాలని ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. దానిని చదివి వినిపించడంతో సలహా ప్రారంభించవచ్చు. నెలకు ఒక సీసాకయ్యే ఖర్చును, అదే సొమ్ముకు స్థానిక సంతలో వచ్చే జామ, ఆకుకూరల పరిమాణంతో పోల్చి చూపిస్తే కుటుంబ సభ్యులే నిర్ణయానికి రాగలరు. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల శిక్షణలలో పెరటి తోటల అంశంతో దీనిని జోడించవచ్చు.

ముగింపు

సమతులాహారం తీసుకునే ఆరోగ్యవంతులకు యాంటీ ఆక్సిడెంట్ మాత్రల వల్ల వ్యాధి నివారణ జరుగుతుందన్న నమ్మదగిన ఆధారం లేదు. కొందరికి హాని జరిగినట్లు ఆధారం ఉంది. భూసార పరీక్ష తరువాతే ఎరువు వేయమని రైతుకు చెప్పే మనం, లోపం తేలిన తరువాతే మాత్ర వాడమని చెప్పడం సముచితం.